నక్ఫా నోటు మీది నాగళ్లు: ఎరిట్రియా సాగు జ్ఞాపకాలు

ఆఫ్రికాలో ఎర్రసముద్రం ఒడ్డునున్న ఎరిట్రియా నోట్ల మీద నాయకుల బొమ్మలుండవు. ఇరవై నక్ఫాల నోటు తిప్పి చూస్తే ఒంటెను కట్టి దున్నుతున్న రైతు, ట్రాక్టరు మీద కూర్చున్న ఆడమనిషి కనిపిస్తారు. వంద నోటు మీద ఎడ్ల దుక్కి ఉంటుంది. ఐదు మీద పశువులు, ఒక బ్రహ్మాండమైన చెట్టు, పది మీద వంతెన దాటే రైలు. ముప్పై ఏళ్ల యుద్ధం 1991 మే 24న ముగిసింది. 1993 ఏప్రిల్‌లో ఓట్లు వేసి ఇథియోపియా నుంచి విడిపోయారు. 1997 నవంబరులో సొంత డబ్బు అచ్చేసుకున్నప్పుడు మేమెవరమో చెప్పడానికి వాళ్లు ఎంచుకున్న బొమ్మలివి.

2000 దశకం నడుమ రాజధాని అస్మారాలోని విశ్వవిద్యాలయాన్ని మూసేస్తూ, దాని బదులు తలో చోటా కాలేజీలు పెట్టారు. ఇంజనీరింగు మై నెఫ్హిలో, వ్యవసాయం కెరెన్ దాటాక అన్సెబా నది పక్కన హామెల్మాలోలో, సముద్రశాస్త్రం రేవుపట్నం మస్సావా దగ్గర. పాఠాలు చెప్పడానికి ఇండియా నుంచి చాలామంది లెక్చరర్లను తీసుకున్నారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ బాగానే ఉండేవాళ్లు. ఇప్పుడు వాళ్లలో వాళ్లు కలుసుకుంటే మాట అస్మారా చలితోనో, కెరెన్ సోమవారం సంతలో ఒంటెల బేరాలతోనో, వానాకాలం బుట్టల్లో అమ్మకానికొచ్చే బేలెస్ పండ్లతోనో మొదలవుతుంది. బేలెస్ అంటే మన నాగజెముడు పండే. గడ్డిచీపురుతో నూగుముళ్లు దులిపి, రెండు కొసలూ కోసి, నిలువునా ఒక గాటు పెట్టి తొక్క విప్పి ఇస్తారు. గింజలెక్కువ కాబట్టి పది తిన్నవాడికి మర్నాడు కడుపు బిగుస్తుంది. అక్కడి నుంచి మాట ఎటు తిరిగినా చివరికి వాళ్ల సాగు మీదికే వచ్చి ఆగుతుంది. ఎందుకంటే ఆ దేశపు గర్వమూ గొడవా రెండూ పొలంలోనే ఉన్నాయి.

గర్వం సంగతి ముందు చెప్పాలి, అది లేకుండా మిగతాది అర్థం కాదు. ఉత్తరాన నక్ఫా కొండల్లో, ఒరోటా లోయలో పోరాట దళాలు నేల కింద ఆసుపత్రులు, వర్క్‌షాపులు నడిపాయి. ప్లాస్టిక్ చెప్పులు అక్కడే పోసుకున్నారు. పట్టీ తెగితే నిప్పు సెగకు కరిగించి అతికించుకుంటే సరిపోయేది. ఆ చెప్పులకి అస్మారాలో స్మారకం కూడా ఉంది. స్వతంత్రం వచ్చాక మస్సావా–అస్మారా రైలుమార్గాన్ని బాగుచేయాలనుకున్నారు. 118 కిలోమీటర్లు, సముద్రమట్టం నుంచి 2300 మీటర్ల పైకి ఎక్కే దారి. పట్టాలు, స్లీపర్లు యుద్ధంలో బంకర్ల కప్పులకు పోయాయి. విదేశీ అప్పు వద్దని, రిటైరైన రైల్వే ముసలివాళ్లను పిలిపించి, బంకర్లలోంచి పట్టాలు ఏరుకొచ్చి, 1938 నాటి ఇటలీ ఆవిరి ఇంజన్లను విప్పి బిగించి 2003కల్లా నడిపించారు. అంత పని చేసుకున్నవాళ్లకి, మా తిండి మేం పండించుకోలేమా అన్న ధీమా రావడం వింత కాదు. ఇబ్బంది ఏమిటంటే పట్టాలకు వాన అక్కర్లేదు, పొలానికి కావాలి.

వాన లెక్క ఇలా ఉంటుంది. అస్మారా చుట్టూ ఎత్తైన పీఠభూమిలో ఏడాదికి 400 నుంచి 600 మిల్లీమీటర్లు. అందులో ముప్పాతిక వంతు జూన్ ఆఖరు నుంచి సెప్టెంబరు మొదటి సగం లోపే పడిపోతుంది. దాన్ని క్రెమ్తి అంటారు. మార్చి–మే నెలల్లో అజ్మెరా అనే చిరుజల్లులు వస్తే వస్తాయి, లేకపోతే లేదు. ఎర్రసముద్రం ఒడ్డున 200 మిల్లీమీటర్లు కూడా పడవు. మన అనంతపురంవాళ్లకు ఈ అంకెలు కొత్త కాదు. కాకపోతే అక్కడ నేల లోతు తక్కువ, వాలు ఎక్కువ. పడ్డ వాన గంటలో వాగు పాలవుతుంది. వర్షాధారపు జొన్న హెక్టారుకు ఏడెనిమిది క్వింటాళ్లు వస్తే బాగా వచ్చినట్టే.

పీఠభూమి రైతుకు పొలం కొలత త్సిమ్ది, అంటే ఒక జత ఎడ్లు ఒక రోజులో దున్నే చెక్క. పావు హెక్టారు అనుకోవచ్చు. అజ్మెరా జల్లు పడితే జొన్న, రాగి ఏప్రిల్–మేలో చల్లుతారు. బార్లీ, గోధుమ, తాఫ్ అనే చిరుధాన్యం క్రెమ్తి దిగాకే. తాఫ్ గింజ ఆవగింజ కన్నా చాలా చిన్నది. దానికి నేలను నాలుగైదు సార్లు దున్ని, పశువులను తోలి తొక్కించి గట్టిచేసి, పైపైన చల్లి వదిలేస్తారు. మట్టి కప్పితే మొలవదు. గుల్లగా వదిలేస్తే వానకు గింజ కిందికి దిగిపోతుంది. ఆ తొక్కించే పని ఎగ్గొట్టినవాడి పొలం దూరం నుంచే అతుకులతుకులుగా కనిపిస్తుంది.

హన్‌ఫెత్స్ మీద మాత్రం వ్యవసాయం చదువుకున్నవాడు ఎవడైనా కాస్త ఆగుతాడు. బార్లీ, గోధుమ కలిపి చల్లి, కలిపి కోసి, కలిపి నూర్చే పంట అది. కొలత సుమారుగా రెండు పాళ్లు బార్లీ, ఒక పాలు గోధుమ. జూలై మొదట్లో చల్లితే అక్టోబరు–నవంబరులో కోతకొస్తుంది. బయటి నుంచి వచ్చినవాడికి ఇది కల్తీ విత్తనంలా కనిపిస్తుంది. కానీ క్రెమ్తి సెప్టెంబరు మొదటి వారంలోనే తెగిపోతే గోధుమ తాలు పోతుంది, బార్లీ ముందే గింజ కట్టుకుని ఉంటుంది. వాన దండిగా ఉంటే ఒట్టి బార్లీ పడిపోతుంది, మధ్యమధ్య గోధుమ కర్ర ఉంటే దానికి ఆనుకుని నిలబడుతుంది. గోధుమ మొక్కల నడుమ బార్లీ అడ్డు ఉండటంతో తుప్పు తెగులు పాకడమూ నెమ్మదిస్తుంది. పిండి చేస్తే ఒట్టి బార్లీ రొట్టె కన్నా మెత్తగా, ఒట్టి గోధుమ కన్నా చవకగా ఉంటుంది.

ఇందులో చెడేదీ ఉంది. దాచుకున్న గింజనే మళ్లీ చల్లుతూ పోతే ఏది ఎక్కువ పండిందో ఆ పాలు పెరుగుతూ పోతుంది. కరువు ఏడాది తర్వాత కుప్పలో దాదాపు అంతా బార్లీయే మిగులుతుంది. అందుకని విత్తే ముందు గుప్పెడు గింజలు చాప మీద పరిచి, కంటితో లెక్కగట్టి, తక్కువైన గోధుమ వేరే తెచ్చి కలుపుకోవాలి. రెండో షరతు, రెండు రకాలూ ఒకే సమయానికి పండేవి కావాలి. పొట్టికాలపు మేలురకం గోధుమ తెచ్చి నాటు బార్లీతో కలిపితే ఒకటి రాలిపోతుండగా రెండోది పచ్చిగా ఉంటుంది. మంచిదని పంచిన విత్తనం ఇలాంటి చోటే ఎదురుతిరుగుతుంది. ఒంటి పంటగా చూస్తే ఆ రకంలో లోపమేమీ ఉండదు.

ఇక కొండలు. అస్మారా నుంచి నెఫాసిట్, గిండా మీదుగా మస్సావా దిగేవాళ్లు మెట్లుమెట్లుగా రాతికట్టలు కట్టిన వాలులు చూడకుండా ఉండలేరు. 1994 నుంచి వానాకాలపు సెలవుల్లో హైస్కూలు పిల్లలతో చేయించిన పని అందులో చాలా ఉంది. మహ్తోత్ అంటారు. చెట్లు నాటడం, కట్టలు కట్టడం. అందులో పాల్గొన్న తరం ఆ కొండలు చూపించి మాట్లాడేటప్పుడు గొంతు మారుతుంది, అది నటన కాదు.

కట్ట కట్టే పద్ధతి సులువే, ఓపికే ఎక్కువ కావాలి. మూడు కర్రలు ఇంగ్లీషు ‘ఏ’ అక్షరంలా బిగించి, పైకొస నుంచి దారానికి రాయి వేలాడదీస్తారు. దారం అడ్డకర్ర మీది గుర్తుకు సరిగ్గా వచ్చేదాకా ఒక కాలు జరుపుకుంటూ పోతే సమమట్టపు గీత దొరుకుతుంది. ఆ గీత వెంట 30 సెంటీమీటర్ల లోతు కాలువ తవ్వి, పెద్ద రాళ్లు అడుగున పెట్టి, ప్రతి వరసా కొండవైపుకు కాస్త వాలేలా పేర్చి, మోకాలెత్తు దాకా తెస్తారు. ఎగువవైపు చిన్నరాళ్లు కూరి మట్టి ఎగదోస్తారు. కింద కట్టకూ పై కట్టకూ నిలువు ఎత్తులో మీటరు, మీటరున్నర తేడా. కూలిపోయేవి ఎప్పుడూ రెండు రకాలవే. పునాది కాలువ తవ్వకుండా నేల మీదే రాళ్లు పేర్చినవి ఒకటి, గీత ఒకచోట జానెడు దిగిపోయినవి రెండోది. ఆ దిగిన చోట నీళ్లన్నీ చేరి కట్ట తెగుతుంది. తెగిన నీళ్లు కింది కట్ట మీద ఒక్కసారిగా పడతాయి. అక్కడి నుంచి వరసగా కొండ కింది దాకా చీలికే.

మొక్కల సంగతి ఇంకొంచెం చేదు. పిల్లల సెలవులు జూలై–ఆగస్టు. ఆగస్టు రెండో సగంలో నాటిన మొక్కకు మిగిలేది మూడు నాలుగు వారాల వాన, ఆపై ఎనిమిది నెలల ఎండు. నర్సరీ సంచిలో వేరు గుండ్రంగా చుట్టుకుని ఉంటే, అడుగు కోయకుండా పాతితే, ఆ మొక్క జనవరి చూడదు. యాభై సెంటీమీటర్ల గుంట తవ్వాల్సిన చోట రాయి తగిలి పాతికతో సరిపెడితే అదీ అంతే. లెక్కలో నాటిన మొక్కలే ఉంటాయి, బతికినవి ఉండవు. అదే సమయంలో ఊళ్లు తమంతట తాము మేతకు మూసిపెట్టుకునే బీళ్లున్నాయి. వీటిని హిజాతి అంటారు, పాత ఆచారం. ఊరు ఒక కావలివాణ్ణి పెట్టుకుంటుంది, పశువు దాటితే జరిమానా. ఏమీ నాటకుండా అయిదారేళ్లు వదిలేస్తే అడవి ఆలివ్, తుమ్మ మోళ్లలోంచి తిరిగి చిగురిస్తాయి. నన్నడిగితే ఖర్చుకు తగ్గ ఫలితం అక్కడే ఎక్కువ. పతాకం పట్టుకుని ఫొటో దిగడానికి మాత్రం అందులో ఏమీ ఉండదు.

ఎరిట్రియా సాగులో అసలైన విద్య చూడాలంటే కొండ దిగి షేబ్ వెళ్లాలి. మస్సావాకు వాయవ్యాన, ఎర్రసముద్రపు మైదానంలో ఉంటుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ, పైరు పండించడానికి చాలని వాన. అయినా మనిషి ఎత్తు దాటిన జొన్న పండుతుంది. పైన పీఠభూమిలో మధ్యాహ్నం కురిసిన వాన వాదీ లాబా అనే పొడివాగులోకి దిగి, రాత్రికో తెల్లారుజాముకో షేబ్ చేరుతుంది. బురద, బండలు, చెట్ల మొద్దులతో సహా ఆ వరద కొన్ని గంటలే ఉంటుంది. దాన్ని పొలాల్లోకి తిప్పుకోవాలి.

తిప్పేది అగిమ్. వాగు ఇసుకలోంచి ఏటవాలుగా ఎగువకు సాగే తాత్కాలికపు కట్ట అది. ముళ్లకంప, మొద్దులు, గుండ్లు, మట్టి పొరలు పొరలుగా వేసి ఎడ్లతో, ఒంటెలతో మట్టి ఈడ్చి కడతారు. ముళ్లకంప కొసలు ప్రవాహానికి ఎదురుగా ఉండాలి. అప్పుడు వరద తెచ్చే చెత్తా బురదా కంపలో చిక్కుకుని కట్ట తనంతట తానే బిగుస్తుంది. చిన్న, నడిపి వరదలకు నిలుస్తుంది, పెద్దదానికి కొట్టుకుపోతుంది. కొట్టుకుపోవడమే మంచిది. పెద్ద వరద మొత్తం కాలువలోకి వస్తే కాలువలు, గట్లు, పొలాలు అన్నీ పోతాయి. ఇంట్లో కరెంటు ఫ్యూజు చేసే పనే వాగులో అగిమ్ చేస్తుంది. పైగా ఎగువ అగిమ్ తెగితే ఆ నీళ్లు దిగువ ఊళ్ల అగిమ్‌కు అందుతాయి. ఆ తెగడంలోనే పంపకమూ ఉంది.

నీటి పంపకానికి రాసిపెట్టిన కాగితం లేకపోయినా కట్టుబాట్లు గట్టివి. కిందటేడు తడి అందని పొలానికి ఈ ఏడు మొదటి వంతు. ఒక పొలానికి రెండో తడి ఇవ్వాలంటే అర్హత ఉన్న మిగతా పొలాలన్నిటికీ ఒక తడి అంది ఉండాలి. చిన్న వరద ఎగువ పొలాలకు, పెద్దది దిగువకు. పొలం చుట్టూ గట్టు కట్టి అర మీటరు లోతు నీళ్లు నిలబెట్టి, నిండాక గట్టు తెంచి పక్క పొలానికి వదులుతారు. జూన్ ఆఖరు నుంచి ఆగస్టు దాకా ఇలా రెండు మూడు తడులు అందితే, ఏళ్లతరబడి వరద పరిచిన ఒండ్రు ఆ నీటిని రెండు మీటర్ల లోతు దాకా దాచుకుంటుంది. తర్వాత ఒక్క చినుకు పడకపోయినా పంట పండుతుంది.

ఆ దాచుకోవడంలోనే కిటుకు. తడి ఆరి, కాలు దిగబడని పదునుకు రాగానే దున్ని పైమట్టి గుల్లచేసి చదును చేయాలి. అక్కడ దాన్ని మెకెమెత్ అంటారు. మన గుంటక పాసినట్టే. నాలుగు రోజులు ఆలస్యమైతే నేల నెర్రెలిచ్చి, ఆ నెర్రెల్లోంచి తేమ ఎగిరిపోతుంది. ముందే దున్నితే బెడ్డలు లేస్తాయి. విత్తేది సెప్టెంబరు నడుమ, హిజేరి అనే నాటు జొన్న. డిసెంబరు–జనవరిలో కంకి కోసి మోడు వదిలేస్తే, మిగిలిన తేమ మీద పిలక పంట వస్తుంది. అందులో గింజ ఎంతొచ్చినా ఒంటెలకు చొప్ప ఖాయం.

అగిమ్‌లో బాధలూ లేకపోలేదు. ఒక్క వరదకాలంలోనే అనేకసార్లు తెగుతుంది, తెగిన ప్రతిసారీ ఊరంతా కదలాలి. ఒక్కో కట్టకు తుమ్మచెట్లు బండ్లకొద్దీ నరకాలి, చుట్టుపక్కల అడవి పలచబడిపోయింది. అందుకే 1990ల చివర్లో విదేశీ అప్పుతో వచ్చిన ప్రాజెక్టు కింద వాదీ లాబాకు అడ్డంగా గేట్లతో కాంక్రీటు కట్టడం కట్టారు. పక్కన పెద్ద వరదకు తెగిపోయేలా మట్టికట్ట వదిలారు. చెట్లు నరకడం తగ్గింది, ఊరి చాకిరీ తగ్గింది. కానీ పలుచోట్ల ఉన్న మళ్లింపులు పోయి నీళ్లన్నీ ఒకేచోట నుంచి రావడంతో, గేటు ఎవరి చేతిలో ఉందన్నది ప్రశ్నయింది. చివరాఖరి ఎడె-ఎకెత్ పొలాలకు గతంలో ఎగువ అగిమ్‌లు తెగినప్పుడు దక్కిన పెద్ద వరదలు తగ్గిపోయాయి. గేట్ల ముందు గుండ్లు, ఒండ్రు పేరుకుంటే తీయడానికి ఎడ్లు చాలవు, లోడరు కావాలి. లోడరుకు డీజిలు కావాలి, విడిభాగాలు కావాలి. అవన్నీ సముద్రం దాటి వచ్చేవే.

విడిభాగం అన్న మాట దగ్గరే, సొంత కాళ్ల మీద నిలబడాలన్న ఆ దేశపు వాదన అంతా ముడిపడి ఉంది. పీఠభూమి మీద చిన్న డ్యాములు చాలా కట్టారు, సొంత ఇంజనీర్లతో, సొంత కూలితో. మెచ్చుకోవాల్సిన పనే. కానీ డ్యాము కింద తూమూ కాలువా లేకపోతే నీళ్లు పంపుతోనే ఎత్తాలి. 2300 మీటర్ల ఎత్తులో గాలి పలచన. ఇంజను బలం ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం పడిపోతుంది, అంటే 5 హార్స్‌పవర్ పంపు అక్కడ 4 కూడా ఇవ్వదు. పీల్చే ఎత్తు కూడా సముద్రతీరంలో ఏడు మీటర్లయితే అక్కడ అయిదుకు మించదు. ఇది తెలియక పంపును గట్టు మీద పెట్టినవాళ్లకు ఏప్రిల్ వచ్చేసరికి నీళ్లు కిందికి పోతాయి, పంపు గాలి మింగుతుంది, సీలు కాలిపోతుంది. ఆ సీలు దొరకదు. ఉల్లి, టమాటా ఎండిపోతాయి. నీటి మట్టంతో పాటు దిగేలా తేలే తెప్ప మీదనో, మెట్లు తవ్వి గట్టు కిందనో పెట్టుకున్నవాళ్లు నెగ్గుకొచ్చారు. ఇక పైన బోడికొండ అలాగే ఉండి కింద డ్యాము కడితే పదేళ్లలో సగం పూడికే. అలుగు ఇరుకైతే అంతకన్నా ముందే కట్ట పోతుంది.

వాదన రెండు వైపులా గట్టిదే. దానం తిండి వద్దన్నవాళ్ల మాట ఇది. కోతల వేళకు విదేశీ గోధుమ బస్తాలు దిగితే సొంత రైతు జొన్నకు ధర ఉండదు, వచ్చే ఏడు వాడు విత్తడు. ఆ మాటలో నిజముంది. ఆ దారిలోనే 2005లో అమెరికా సహాయసంస్థను వెళ్లిపొమ్మన్నారు, ఉచిత తిండి పంపకం తగ్గించి పనికి డబ్బు అన్నారు. 2011లో యూరోపియన్ యూనియన్ ఇస్తానన్న 12 కోట్ల యూరోల పైచిలుకు కూడా వద్దన్నారు. పడమటి గాష్-బర్కా ప్రాంతంలో గెర్సెట్, కెర్కెబెత్ లాంటి పెద్ద డ్యాములు, అలెబు అరటితోటలు చూపించి ఇదీ మా జవాబు అంటారు.

రెండో వైపువాళ్లు అక్కడ గట్టిగా మాట్లాడరు. కాఫీ మూడో విడత పోసేదాకా అసలు సంగతి బయటికి రాదు. వాళ్లు అడిగేది ఒకటే: దున్నే చేతులేవి? 1995 చట్టం ప్రకారం జాతీయసేవ పద్దెనిమిది నెలలు. 1998–2000లో ఇథియోపియాతో మళ్లీ జరిగిన యుద్ధం తర్వాత దానికి అంతు లేకుండా పోయింది. పద్దెనిమిదేళ్లవాడు సావా శిక్షణ శిబిరానికి, అక్కడి నుంచి దళానికో, ప్రభుత్వ నిర్మాణానికో, ప్రభుత్వ పొలానికో పోతాడు. ఊళ్లో ముసలివాళ్లు, ఆడవాళ్లు మిగులుతారు. ఆడవాళ్లు నాగలి పట్టకూడదన్న పాత పట్టింపు చాలా ఊళ్లలో ఉంది, కాబట్టి మొగదిక్కు లేని ఇల్లు ఎవరి ఎడ్ల కోసమో ఎదురుచూడాలి. ఎడ్లవాడు తన పొలం అయ్యాక వస్తాడు. క్రెమ్తిలో వారం ఆలస్యమంటే గింజ కట్టే వేళకు ఒక వాన పోయినట్టే. కాగితం మీద ఇదెక్కడా కనిపించదు, దిగుబడిలో కనిపిస్తుంది. పైగా ప్రైవేటు ధాన్యం వ్యాపారం మీద కట్టడి పెట్టాక, మిగులు పండినా అమ్ముకునే దారి ఇరుకైంది. అమ్ముకోలేనివాడు తిండికి సరిపడా మాత్రమే విత్తుతాడు.

నేల సంగతీ ఇందులో కలుస్తుంది. పీఠభూమిలో డియెసా అనే పద్ధతి ఉండేది. ఊరి భూమి అంతా ఉమ్మడి, ఏడేళ్లకోసారి మళ్లీ పంచుకోవడం. భూమిలేనివాడంటూ ఉండకపోవడం దాని గొప్ప. కానీ అయిదో ఏడు దాటాక ఎవరూ ఆ చెక్కకు పెంట తోలరు, కట్ట బాగుచేయరు, వచ్చే పంపకంలో అది ఎవరికి పోతుందో. 1994 భూచట్టం భూమిని ప్రభుత్వానిది చేసి, ఆడా మగా తేడా లేకుండా జీవితాంతం అనుభవహక్కు ఇస్తానంది. ఆడవాళ్లకు హక్కు రాయడం పెద్ద అడుగు. ఊరూరా అమలు మాత్రం నత్తనడకే.

2010ల్లో ప్రభుత్వం తెచ్చిన ఇంటింటి ప్యాకేజీ ఆలోచన నాకు కాస్త నచ్చింది. ఒక మేలుజాతి పాడి ఆవు, పాతిక కోళ్లు, రెండు తేనెపెట్టెలు, కూరగాయల మడి, కొన్ని పండ్ల చెట్లు, మేత చెట్లు. లెక్క బాగుంది. ఆవు పాలకన్నా పెంటకే విలువెక్కువ, మడికి అదే బలం. తేడా కొట్టేది మేత దగ్గర. సంకరజాతి ఆవుకు రోజుకు నలభై యాభై లీటర్ల నీళ్లు కావాలి, ఎండుగడ్డితో పాటు పిండిచెక్క కావాలి. నాటు ఆవులా తాలు మేసి కొండెక్కి బతకదు. పాతిక కోళ్లను పెరట్లో వదిలితే ఆరేడుకు మించి ఏరుకు తినడానికి ఉండదు, మిగతావాటికి గింజ పెట్టాలి. అది మనిషి గింజే. కొక్కెర తెగులు టీకా వేయకపోతే ఒక్క వారంలో పాతికా పోతాయి. ఏడాదంతా నీళ్లున్న ఇంటికి ఇది వరం, లేని ఇంటికి బరువు.

సముద్రపు ఒడ్డున మరో ముచ్చట. గోర్డన్ సాటో అనే జపనీస్–అమెరికన్ కణశాస్త్రవేత్త మస్సావా పక్కన హిర్గిగో ఊళ్లో మడచెట్లు నాటించాడు. చిన్నప్పుడు రెండో ప్రపంచయుద్ధ కాలంలో తనను నిర్బంధించిన శిబిరం పేరే, మాంజనార్, ఆ పనికి పెట్టుకున్నాడు. మడ ఎందుకు అక్కడక్కడే పెరుగుతుందని చూస్తే, వానకు వాగులు తెచ్చే నత్రజని, భాస్వరం, ఇనుము అందిన చోటే పెరుగుతోంది. సముద్రపు నీళ్లలో మిగతావన్నీ ఉన్నాయి. దాంతో పద్ధతి తేలింది. మూడు పాళ్లు యూరియా, ఒక పాలు డీఏపీ కలిపి అరకిలో ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూటగట్టి, సన్న మేకుతో మూడు చిల్లులు పొడిచి మొక్క పక్కన పాతాలి. ఒక ఇనుపముక్క కూడా. చిల్లు పెద్దదైతే ఎరువంతా ఆటుపోటుకు కరిగిపోతుంది. మొలకను అడుగు తీసేసిన డబ్బాలో నిలబెడితే అలకు పడిపోదు. ఆకు మేకలకు, గొర్రెలకు మేత. ఒట్టి మడాకు మీద అవి బతుకుతాయి గాని పాలు చాలవు, చేపపొడి లాంటిది కాస్త చేర్చాలి. వదిలేసిన ఒంటెలు పడితే మాత్రం ఒక్క రాత్రిలో లేతతోట గోవిందా.

మన హైదరాబాదుకూ ఆ దేశానికీ పొలంలో ఉన్న చుట్టరికం సజ్జది. అన్సెబా, గాష్-బర్కా వైపు టోక్రోరాయ్ అనే నాటు సజ్జ ఉంది. పొడవాటి కంకి, రుచి, రైతుకు ప్రాణం. కానీ వెర్రికంకి తెగులు దాన్ని తినేస్తుంది, కంకిలో గింజ బదులు ఆకులు పుడతాయి. పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధనాసంస్థ ఇక్రిశాట్ రకం ఐసీఎంవీ 221 అక్కడ కోనా పేరుతో విడుదలైంది. తెగులుకు తట్టుకుంటుంది, తొందరగా పండుతుంది. రైతుకు కంకి నచ్చలేదు. అప్పుడు రెండింటినీ కలిపి అక్కడే తీసిన రకానికి కెరెన్ దగ్గరి ఊరి పేరు పెట్టారు, హగాజ్.

అది హైబ్రిడ్ కాదు, గింజ దాచుకోవచ్చు. అయితే సజ్జ పుప్పొడి గాలికి పోతుంది. గట్టు పక్క కంకుల్లో పొరుగువాడి టోక్రోరాయ్ కలిసిపోయి ఉంటుంది. విత్తనానికి పొలం నడుమ నుంచే కోయాలి, అదీ పదో ఇరవయ్యో కాదు, వందల కంకులు కోసి కలపాలి. లేకపోతే రెండు మూడేళ్లకు మొక్క కుదించుకుపోతుంది. వెర్రికంకి మొక్క కనబడగానే పీకి కాల్చేయాలి, ఎండి రాలితే దాని బీజాలు నేలలో ఏళ్లతరబడి ఉంటాయి. మందు పట్టించాలంటే కిలో విత్తనానికి 6 గ్రాముల మెటలాక్సిల్ 35 శాతం పొడి, అదీ దిగుమతే. శుద్ధమైన మూలవిత్తనం పెంచడానికి చుట్టూ 400 మీటర్ల మేర వేరే సజ్జ ఉండకూడదు. పావు హెక్టారు చెక్కలున్న ఊళ్లో 400 మీటర్లంటే వందకు పైగా పొలాలు. వాటి యజమానులందరూ ఆ ఏడు ఒకే రకం వేయడానికి ఒప్పుకోవాలి, లేదా సజ్జ మానుకోవాలి.